కెల్, నా గొంతు నాకు వినపడట్లేదు

ఆస్ట్రేలియాలో, సిడ్నీకి దిగువన సముద్రం ఒడ్డునున్న పోర్ట్ కెంబ్లాలో నలభై దాటిన మగవాళ్ళలో సగం మందికి చెవుడు. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టిన భిక్ష అది. మిగతా సగం మంది ఆ సగం మందితో అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నవాళ్ళు. అలాంటి ఊళ్ళో పాట వినిపించడమంటే మాటలా? డ్రమ్ము కడుపులో తగలాలి, గిటారు పళ్ళు జివ్వుమనిపించాలి. అప్పుడుగాని బీరుగ్లాసు దించి స్టేజీ వైపు చూడరు. చూశాక నచ్చలేదా, ఖాళీ డబ్బాలతో కొడతారు. ఎనభైల్లో ఆ తీరం పొడుగునా పబ్బుకొక బ్యాండు, బ్యాండుకొక డొక్కు లారీ, ఆ లారీకొక సౌండు మనిషి ఉండేవాళ్ళు. బ్యాండుల పేర్లు జనానికి గుర్తున్నాయి. సౌండు మనుషుల పేర్లు వాళ్ళ అమ్మలకు గుర్తుంటే గొప్ప.

కెల్విన్ ప్రౌస్ అలాంటి సౌండు మనిషి. తండ్రి ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. కెల్విన్ పదహారో ఏట అదే గేటులోంచి ఎలక్ట్రీషియన్ పనికి పోయాడు. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, దానికి తగ్గ ఒళ్ళు, అంత ఒంట్లోనూ పట్టనంత సిగ్గు. మనిషితో మాట్లాడాల్సి వస్తే బూట్లకేసి చూస్తూ మాట్లాడేవాడు. "బూట్లేమంటున్నాయి గురూ?" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. మోటార్ల దగ్గర, ఫ్యూజుల దగ్గర మాత్రం ఏ సిగ్గూ లేదు. ఫ్యాక్టరీ వేలమందిని ఇంటికి పంపిన ఏడాది కెల్విన్ కూడా ఇంటికొచ్చాడు. వాళ్ళు చేతిలో పెట్టినదానితో మైకుల సౌండు కలిపే ఒక పాత మిక్సరు, అంతకంటే పాత లారీ కొన్నాడు. "ఇనుము పోయింది, మోత మిగిలిందమ్మా" అన్నాడు తల్లితో. కొడుకు జోకు వేస్తాడని ఆవిడకు అంతకుముందు తెలియదు కాబట్టి, నవ్వకుండా పలహారం ప్లేటు ముందుకు తోసింది.

అతను కుదురుకున్న బ్యాండు పేరు స్లాగ్ రోడ్. ఫ్యాక్టరీ ఇనుప చిట్టెం పారబోసే దారి పేరే అది. గిటారు టోడర్‌ది. మాసిడోనియా నుంచి వచ్చిన కుటుంబం, పగలంతా తండ్రి టైర్ల కొట్లో పని, సాయంత్రం గిటారు. పాడేది కోరలీ స్ట్రాంగ్. పక్క ఊరు వారవాంగ్‌లో జుట్టు కత్తిరించే కొట్లో పనిచేసేది. ఆడా మగా అందరికీ గిరజాల పిచ్చి పట్టిన రోజులవి. కోరలీ చేతులు ఎప్పుడు చూసినా గిరజాల మందు కంపు కొట్టేవి. మనిషి పిట్టంత. నోరు తెరిచిందంటే పబ్బు వెనకాల గ్లాసులు కడిగేవాడు కూడా చెయ్యి ఆపి, తల తిప్పి చూసేవాడు.

ఒకటే ఇబ్బంది. ఆ పాట అందరికీ వినబడేది, ఆమెకు తప్ప. టోడర్ తన ఆంప్లిఫయర్‌ని సగానికి తగ్గించడమంటే తండ్రికి తలవంపులు తెచ్చినట్టు అనుకునేవాడు. గాయని కాళ్ళ దగ్గర ఒక బాక్సు పెడతారు, ఆమె గొంతు ఆమెకే వినిపించడానికి. దాన్ని పెంచితే మైకు కుయ్యిమని అరుస్తుంది. ఇరుకు పబ్బు, తక్కువ ఎత్తు కప్పు. అంతకుమించి పెంచడానికి లేదు. అందుకని పాటకూ పాటకూ మధ్య కోరలీ మైకులోనే అడిగేది.

"కెల్, నా గొంతు నాకు వినపడట్లేదు."

"మాకు వినబడుతోందిలే, పాడవే తల్లీ!" అని ఎవడో ముందు వరసలోంచి అరిచేవాడు.

హాలు చివర మిక్సరు మీదికి వంగి ఉన్న కెల్విన్ తలెత్తి చూసేవాడు. ఆమె వైపు చూస్తూనే మిక్సరు చివర ఉన్న ఒక నాబ్‌ని పట్టుకుని, బాంబు విప్పుతున్నవాడిలా, అతి జాగ్రత్తగా కొంచెం తిప్పేవాడు. కోరలీ తల పక్కకు వంచి వినేది. బొటనవేలు పైకెత్తేది. "ఆఁ, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది!"

ఆ నాబ్‌కి వైరు లేదు. దాని అడుగున ఏమీ లేదు. ఆ రోజుల్లో సిడ్నీ నుంచి పెర్త్ దాకా ఏ సౌండు మనిషి మిక్సరు చూసినా అలాంటి ఉత్తుత్తి నాబ్ ఒకటి ఉండేది. నొప్పి లేని రోగికి డాక్టరు చక్కెర మాత్ర ఇచ్చినట్టే ఇది. గాయకుడు అడుగుతాడు, నువ్వు తిప్పుతావు, అతను బాగుందంటాడు. అందరూ సుఖంగా ఉంటారు. దీన్ని మోసమనేవాళ్ళు ఒక్క శనివారం ఆ హాల్లో నిలబడి మైకు కూత విని మాట్లాడాలి. కెల్విన్‌కి మాత్రం ఆ నాబ్ అంటే లోపల్లోపల గర్వంగానే ఉండేది. అంత పెద్ద గొంతు తన ఉత్తుత్తి నాబ్‌కి లొంగుతోంది కదా అని.

ఇంకో సంగతి చెప్పాలి. బ్యాండు వాయించే ప్రతి ఆటకీ కెల్విన్ మిక్సరుకి క్యాసెట్ తగిలించేవాడు. మర్నాడు లారీలో విని, ఎక్కడ తప్పిందో చూసుకుని, మళ్ళీ అదే క్యాసెట్ మీద కొత్త ఆట ఎక్కించేవాడు. దిద్దుకోవడానికే తప్ప దాచుకోవడానికి కాదు. అదీగాక అది విని సంతోషించే క్యాసెట్ కాదు. చిన్న పబ్బుల్లో గిటారుని మిక్సరులోకి తేవాల్సిన పనే లేదు, దాని మోత దానికే ఎక్కువ. అందుకని క్యాసెట్‌లో గిటారు ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంటుంది. డ్రమ్ము గోడవతల తలుపు తట్టినట్టుంటుంది. వాటన్నిటికీ ముందు, నీ చెవి పక్కన నిలబడి పాడుతున్నట్టు, కోరలీ గొంతు ఒక్కటే ఉంటుంది. ఊపిరి పీల్చడం, పెదవి తడుపుకోవడం కూడా వినబడతాయి.

చివరి ఆట ఒక ఆదివారం మధ్యాహ్నం, కౌరీ పబ్బులో. బయట వాన. కిటికీలు మూసేశారు. తడిసిన జనం, బీరు నానిన తివాచీ, రెండూ ఒకటే వాసన. ఆఖరి పాటకి ముందు ఎక్కడో ఫ్యూజు చిటపటలాడింది. కెల్విన్ మిక్సరు కిందికి దూరి వైర్లు తడుముతున్నాడు. పైనుంచి గొంతు వినబడింది. "కెల్, నా గొంతు నాకు వినపడట్లేదు." కెల్విన్ కిందనుంచే చెయ్యి పైకి పెట్టి, గుడ్డిగా తడిమి, ఉత్తుత్తి నాబ్ తిప్పేశాడు. తలెత్తలేదు. ఫ్యూజు దొరికేసరికి పాట మొదలైపోయింది.

మర్నాడు కోరలీ సిడ్నీలో రికార్డు కంపెనీ వాళ్ళని కలవడానికి ఒంటరిగా కారులో బయల్దేరింది. మౌంట్ ఔస్లీ ఘాట్ ఎక్కుతోంది. వాన, మలుపు, ఎదురుగా బొగ్గు లారీ. అంతే.

అంత్యక్రియల రోజు కెల్విన్ చర్చి వెనక గోడకానుకుని, బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. అక్కడ కూడా మైకు కుయ్యిమంది. అందరూ వెనక్కి తిరిగి అతని వైపు చూశారు. అతనికి ఆ మైకుతో ఏ సంబంధమూ లేదు.

స్లాగ్ రోడ్ చెదిరిపోయింది. కెల్విన్ వేరే బ్యాండులకి పనిచెయ్యడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండానే అది మొదలైంది. దగ్గర్లోని డాప్టో ఊళ్ళో, పట్టపగలు, ఇంకా జనం రాకముందు, ఖాళీ హాల్లో మైకులు సరిచూస్తున్నాడు. హెడ్‌ఫోన్లలో, ఎవడో కుర్రాడు వన్ టూ, వన్ టూ అంటున్నవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట, ఆమె గొంతు. కెల్, నా గొంతు నాకు వినపడట్లేదు.

ఎలక్ట్రీషియన్ కదా, ముందు వైర్లు చూశాడు. ఎర్తింగ్ చూశాడు. టాక్సీల రేడియో ఏమైనా దూరిందా అని చూశాడు. హెడ్‌ఫోన్లు మార్చాడు. మార్చిన వాటిలోనూ అదే గొంతు, అదే ఓపిక. కోపం ఉంటే బాగుండేది. దయ్యాలకి కోపముంటుందని చిన్నప్పుడు విన్నాడు. ఈ గొంతులో కోపం లేదు, అడగడమే ఉంది. ఆఖరికి హెడ్‌ఫోన్లు మానేసి ఉత్త చెవులతో పని చెయ్యడం మొదలుపెట్టాడు. "చెవులకి గాలాడట్లేదా గురూ?" అని లారీ దించే కుర్రాళ్ళు నవ్వారు.

అంతటితో ఆగినా బాగుండేది. అతను ఉత్తుత్తి నాబ్ ముట్టుకోలేకపోయాడు. ఏ గాయకుడు వినబడట్లేదన్నా నిజంగానే బాక్సు పెంచేసేవాడు. మైకు కీచుమనేది. జనం చెవులు మూసుకుని బూతులు లంకించుకునేవాళ్ళు. "ప్రౌస్ చెవులు పోయాయిరా, ఫ్యాక్టరీ వాళ్ళకి పోయినట్టే" అన్న మాట తీరమంతా పాకింది. ఆరు నెలలు తిరిగేసరికి అతన్ని పిలిచే బ్యాండు లేకుండా పోయింది. ఇళ్ళకి వెళ్ళి బట్టలుతికే మెషీన్లు బాగుచేసుకుంటున్నాడు. ఒక్కోసారి తొట్టి తిరగడం నెమ్మదించి ఆగిపోయే ముందు, అందులోనూ వినబడేది. గృహిణి వెనక నిలబడి, "ఏంటబ్బాయ్, ఏమైనా పోయిందా?" అనడిగితే, "బెల్టండీ" అనేవాడు.

ఆ ఆఖరి క్యాసెట్ మీద అతను మళ్ళీ ఏదీ ఎక్కించలేదు. విననూ లేదు. బిస్కట్ల డబ్బాలో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాడు.

వాండా స్ట్రాంగ్ వచ్చింది ఆ డబ్బా కోసమే. కోరలీ అక్క. వారవాంగ్‌లో చేపలు, చిప్స్ వేయించి అమ్మే కొట్టు నడుపుతుంది. కాగితంలో చుట్టిన వేడి చిప్స్ బల్ల మీద పెట్టి, అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తిను. చిక్కిపోయావు. అంటే ఇదివరకు ఎద్దులా ఉండేవాడివి, ఇప్పుడు ఆవులా ఉన్నావు."

కెల్విన్ బూట్ల వైపు చూశాడు.

"వచ్చే ఆదివారానికి ఏడాది," అంది వాండా. "కౌరీ వాళ్ళు మధ్యాహ్నం హాలు ఇస్తామన్నారు. టోడర్ వాళ్ళు వాయిస్తారు. పాడటానికి వేరే పిల్లని తెస్తామన్నారు. కాళ్ళు విరగ్గొడతానన్నాను."

"మరి ఎవరు పాడతారు?"

"కోరలీ. నీ దగ్గర క్యాసెట్ ఉందటగా. గిటారు లేకుండా గొంతు ఒక్కటే ఉంటుందని టోడర్ చెప్పాడు. డ్రమ్ములవాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ గొంతు వెంట వాయిస్తాడట. మిగతావాళ్ళు వాడి వెంట."

"అది పాడైపోయింది వాండా."

"ఎక్కడ పాడైంది? ఆ ఫ్రిజ్ మీదా? నేనొచ్చిన దగ్గర్నుంచి ఆ డబ్బా కేసి తప్ప అన్నిటికేసీ చూస్తున్నావు." వాండా చిప్స్ పొట్లం అతని వైపు తోసింది. గొంతు మారింది. "అమ్మానాన్నా పోయాక మేమిద్దరమే కదరా. దాని ఫోటోలున్నాయి, బట్టలున్నాయి. గొంతు లేదు. మొన్నొక రోజు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. భయమేసింది. ఒక్కసారి వినాలి నాకు. నలుగురితో కలిసి వింటే తట్టుకోగలను."

ఇస్తానన్నాడు. వాండా వెళ్ళాక రెండు క్యాసెట్ డెక్కులు పక్కపక్కన పెట్టి కూర్చున్నాడు. వినకుండా కాపీ చెయ్యడం ఎలాగో అతనికి తెలుసు. చప్పుడు ఎంతుందో చూపించే మీటర్ల సూదులు ఊగడం చూస్తే చాలు, ఎక్కడ పాటో ఎక్కడ మాటో తెలిసిపోతుంది. చప్పుడు కట్టేసి, పాటలు మాత్రం కొత్త క్యాసెట్‌లోకి దించి, మధ్యలో ఉన్న మాటలన్నీ వదిలేశాడు. ముఖ్యంగా ఆఖరి పాట ముందరి మాట. ఆమె అడిగిందనీ, తను తలైనా ఎత్తలేదనీ హాలంతా వింటుందని అతని భయం. అంతకంటే పెద్ద భయం, తను వింటానని.

ఆదివారం మధ్యాహ్నం పబ్బు తలుపులు తియ్యకముందే అందరూ చేరారు. కెల్విన్ క్యాసెట్ నొక్కాడు. ఏడాది తర్వాత కోరలీ కౌరీ పబ్బులో పాడింది. గ్లాసులు కడిగేవాడు బయటికొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. వాండా రెండు చేతులతో నోరు మూసుకుంది. మొదటి పాట అయింది. అవుతూనే రెండోది, రెండోది అవుతూనే మూడోది. టోడర్ తీగ సవరించుకునే వ్యవధి లేక, చెమటలు కక్కుతూ, గిటారు దించేశాడు.

"ఆపు, ఆపరా బాబూ! ఊపిరి పీల్చుకోనివ్వవా? కోరలీ ఇలా ఎప్పుడైనా పాడిందా? వెనకాల కుక్కలు తరుముతున్నట్టు!"

వాండా నోటి మీంచి చేతులు తీసింది. "మాటలేవి?"

కెల్విన్ క్యాసెట్ ఆపాడు.

"దాని మాటలేవిరా? ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య నిన్ను పిలవకుండా అది ఎప్పుడైనా ఉందా?"

"అవసరం లేనివని తీసేశాను," అన్నాడు మిక్సరుతో. "పాటలు కదా కావాలి."

"అవసరం లేనివా!" వాండా హాలు దాటి మిక్సరు దగ్గరికొచ్చింది. కొట్లో నూనె ముందు నిలబడి నిలబడి ఎర్రబడ్డ మొహం ఇంకా ఎర్రబడింది. "ఆ వైరు లేని నాబ్ ఇదేనా?"

కెల్విన్ ఆ నాబ్ మీద అరచెయ్యి కప్పేశాడు. స్టేజీ మీద టోడర్ గిటారు తీగల్ని చూసుకోవడం మొదలుపెట్టాడు, అక్కర లేకపోయినా.

"నీకెవరు చెప్పారు?"

"అదే చెప్పింది. నువ్వు చేరిన కొత్తల్లో ఒకరోజు అందరికంటే ముందే వచ్చిందట. మిక్సరు మూత తీసి పెట్టి నువ్వు తినడానికేదో కొనుక్కోవడానికి పోయావట. చూసి, ఇంటికొచ్చి, కడుపు పట్టుకుని నవ్వింది. తన గొంతు తనకి ఎప్పుడూ వినపడేది కాదని దానికి తెలుసు కెల్విన్. వినపడకుండానే పాడటం నేర్చుకుంది."

"తెలిస్తే మరి ఎందుకడిగేది?" అన్నాడు కెల్విన్. "ప్రతిసారీ ఎందుకడిగేది?"

"నీ మొహం చూడ్డానికిరా, మొద్దూ!" వాండా అరిచింది. తర్వాత అంత గట్టిగా అరిచినందుకు సిగ్గుపడ్డట్టు నెమ్మదిగా అంది. "ఎప్పుడూ ఆ తల దించుకునే ఉంటావు. లారీలో దించుకునే, తినేటప్పుడు దించుకునే. ఆ ఒక్కమాట అడిగితే ఎత్తుతావు. దాని వైపే చూస్తావు. దానికి దొరికిన ఉపాయం అదొక్కటే. 'అడగందే అమ్మైనా అన్నం పెట్టదు, నేనూ అడుగుతూనే ఉంటానక్కా, ఎప్పటికైనా వాడే వచ్చి పలకరిస్తాడు' అనేది. నువ్వు రాలేదు."

బయట సముద్రపు పిట్టలు చెత్తడబ్బా దగ్గర కొట్లాడుకుంటున్నాయి. కెల్విన్ నాబ్ మీంచి అరచెయ్యి తీశాడు. ఏడాదిగా అతను ఆ మాటని మరమ్మతు చెయ్యాల్సిన లోపం అనుకున్నాడు. వైర్లలో వెతికాడు, మెషీన్లలో వెతికాడు, అడిగినవాళ్ళందరికీ చెవులు చిల్లులుపడేలా పెంచాడు. ఎవరో తనని చూడాలనుకున్నారన్న ఆలోచన, ఒట్టు, ఒక్కసారి కూడా రాలేదు. వచ్చే మనిషి కాదు.

ఆఖరికి బయటికి, లారీ దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో బిస్కట్ల డబ్బా ఉంది, పొద్దున ఎందుకో వెంట తెచ్చి సీటు కింద పెట్టినది.

మూడయ్యేసరికి హాలు నిండింది. ఫ్యాక్టరీ వాళ్ళు, అక్కడ పని పోయినవాళ్ళు, కోరలీ చేత గిరజాలు వేయించుకున్న అమ్మలక్కలు. మైకు స్టాండు ఎప్పుడూ ఉండే చోటే పెట్టారు. దాని వెనక ఎవరూ లేరు. మొదట్లో జనం ఎక్కడ చూడాలో తెలియక గ్లాసుల్లోకి చూశారు. రెండో పాటకల్లా గొంతు కలిపారు. "కెల్, నా గొంతు నాకు వినపడట్లేదు" అని మొదటిసారి వినబడగానే హాలంతా గొల్లుమంది. "మాకు వినబడుతోందిలే, పాడవే తల్లీ!" అని అరిచాడు ఒక ముసలాయన. అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాడు. క్యాసెట్‌లోంచి కోరలీ, "ఆఁ, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది" అంది. వాండా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆ గొంతుని తాగుతున్నట్టు నిలబడింది.

కెల్విన్ తల దించుకునే ఉన్నాడు. చేతులు మాత్రం పని చేస్తున్నాయి. ఏది వస్తుందో అతనికి తెలుసు, వాండాకి తెలియదు.

ఆఖరి పాట ముందు క్యాసెట్‌లో ఫ్యూజు చిటపట వినబడింది.

"కెల్, నా గొంతు నాకు వినపడట్లేదు."

ఏమీ లేదు. వాన చప్పుడు. ఎవరో దగ్గారు, ఏడాది కిందటి దగ్గు.

"కెల్?"

ఈ రెండో పిలుపు కెల్విన్ ఎప్పుడూ వినలేదు. ఆ రోజు మిక్సరు కింద ఫ్యూజు మీదే ధ్యాసపెట్టి ఉన్నాడు కదా. హెడ్‌ఫోన్లలో ఏడాదిగా వెంటాడినా ఇది మాత్రం ఎన్నడూ రాలేదు. హాల్లో నవ్వు సగంలో ఆగిపోయింది. వాండా వెనక్కి తిరిగి చూసింది.

కెల్విన్ తలెత్తాడు. మైకు స్టాండు, దాని మీద కిటికీలోంచి పడుతున్న ఎండ, దాని వెనక నల్లటి తెర. అక్కడే, ఆమె మొహం ఉండాల్సినంత ఎత్తులోనే చూశాడు.

"పోనీలే," అంది కోరలీ. కాస్త నవ్వింది. "పని మీదున్నట్టున్నాడు. మొదలుపెట్టండి."

టోడర్ చెయ్యి తీగల మీద పడలేదు. డ్రమ్ములవాడు కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. స్టేజీ మీద వాద్యం ఏమీ లేకుండా ఆ గొంతు ఒక్కటే పాడింది. పాట అయిపోయి, క్యాసెట్ టక్కుమని ఆగిపోయాక కూడా కెల్విన్ తల దించలేదు.